మెక్సికో ట్రిప్పుకి ముందు: ఈ స్పానిష్ మాటల దగ్గర జాగ్రత్త

డిసెంబరు సెలవులొస్తే డల్లాస్, హ్యూస్టన్‌లలో ఉండే మనవాళ్లు కాంకూన్‌కి టికెట్లు బుక్ చేస్తుంటారు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా వెంటబెట్టుకుని. పాస్‌పోర్టులు, వీసాలు పదిసార్లు చూసుకుంటారు గానీ భాష సంగతి ఎవరూ పట్టించుకోరు. పెద్ద రిసార్టులో ఇంగ్లీషుతో గడిచిపోతుంది, బయటికొచ్చి ఊళ్లో తిరిగితే అంతా స్పానిషే. అసలు తెలియని మాటతో అంత భయం లేదు, ఇంగ్లీషులా వినిపించి మోసం చేసే మాటతోనే ప్రమాదం.

కుళాయినే తీసుకోండి. మేం దిగిన చిన్న హోటల్లో కుళాయి మీద సి అక్షరం చూసి మా అత్తయ్యగారు కోల్డ్ అనుకుని తిప్పేశారు, చెయ్యి చురుక్కుమంది. ఆ సి అంటే కాలియెంతే, వేడి. చన్నీళ్లకి ఎఫ్, ఫ్రియా. గదిలోకి వెళ్లగానే పెద్దవాళ్లకీ పిల్లలకీ ముందు ఇది చూపించండి.

శాకాహారులైతే ఇంకా జాగ్రత్త. సిన్ కార్నే అంటే మాంసం లేకుండా అనే అర్థం, కానీ చాలామందికి కార్నే అంటే బీఫే గుర్తొస్తుంది, చికెన్ వేసి తెచ్చినా తెస్తారు. అందుకని "నో కోమో కార్నే, ని పోయో, ని పెస్కాదో" అనండి, అంటే మాంసం, కోడి, చేప ఏదీ తినను అని. చూడ్డానికి పప్పులా ఉండే ఫ్రిహోలెస్‌లో (ఉడికించిన చిక్కుడు గింజల వంటకం) చాలాచోట్ల మాంతేకా వేస్తారు, అది వెన్న కాదు, పంది కొవ్వు. వెన్నని మాంతెకీయా అంటారు. "యేవా మాంతేకా?" అని అడిగి తినండి. ఎర్రగా కనిపించే అన్నాన్ని కోడి రసంలో వండే అలవాటూ ఉంది, "కాల్దో దే పోయో?" అని అదీ అడగండి. కారం గురించైతే పికాంతే. ఉక్కపోస్తోందని చెప్పాలంటే "తెంగో కలోర్", అంతేగానీ "ఎస్తోయ్ కాలియెంతే" అనకండి, బూతర్థం వస్తుంది.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఆస్పత్రి. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడు స్పృహ తప్పితే, తిన్నదేదో పడలేదన్న ఉద్దేశంతో స్పానిష్ మాట్లాడే ఇంట్లోవాళ్లు ఇంతొక్సికాదో అన్నారు. డాక్టర్లకి అది ఇంటాక్సికేటెడ్‌లా వినపడి, డ్రగ్స్ ఎక్కువైన కేసుగా చూశారు. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. ఆ అబ్బాయికి కాళ్లూ చేతులూ పడిపోయాయి. ఒక్క మాట! కాబట్టి జబ్బు పేరు మీరు పెట్టకండి, నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టి "మే దుఎలే అకీ" అంటే చాలు, ఇక్కడ నొప్పిగా ఉంది అని. సిగ్గేసిందని చెప్పబోయి ఎంబారాసాదా అన్నారంటే అది ఇంగ్లీషు ఎంబరాస్డ్ కాదు, ప్రెగ్నెంట్.

అర్థం కాకపోయినా మొహమాటానికి సీ, సీ అని తలూపడం దయచేసి మానండి, సీ అంటే ఎస్, మీరు ఒప్పుకున్నట్టే. "నో ఎంతియెందో, మాస్ దెస్పాసియో పోర్ ఫవోర్" అంటే అర్థం కాలేదు, కాస్త నెమ్మదిగా చెప్పండి అని. ధర దగ్గర మరీ ముఖ్యం, అక్కడ పెసోలకీ డాలరు గుర్తే వేస్తారు. "పెసోస్ ఓ దోలారెస్?" అని అడిగాకే డబ్బు తీయండి.

ఎమర్జెన్సీ అయితే మెక్సికోలోనూ 911, సాయం కావాలంటే "ఆయూదా!" అని అరవాలి. పలకడం మనకి కష్టం కాదు, త, ద, అచ్చులు దాదాపు మనలాగే. అమ్మావాళ్లకి ఈ మాటలు తెలుగులో ఒక కాగితం మీద రాసి, వెనకవైపు హోటల్ పేరు, అడ్రసు, మీ నంబరు రాసి పర్సులో పెట్టండి, ఫోన్ చార్జింగ్ అయిపోతే చేతిలో ఉండేది అదొక్కటే.