లైనక్స్ లాప్‌టాప్‌కి ఏ సౌండ్ కార్డ్ కొనాలి

అనంతపురం, కర్నూలు కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెప్పేవాళ్లు, ఊళ్లలో చెక్కభజన పాటలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టే కుర్రాళ్లు, పాత లాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ రకాలు ఉబుంటూనో లైనక్స్ మింటో వేసుకుని పని నడిపించుకోవచ్చు, ఖర్చు కలిసొస్తుంది. చిక్కంతా మైకు దగ్గరే. షాపులో సౌండ్ కార్డ్ (మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి తీసుకుని, హెడ్‌ఫోన్‌కి వినిపించే పరికరం) అడిగి, లైనక్స్‌లో నడుస్తుందా అంటే "విండోస్‌కైతే గ్యారంటీ అన్నా, మీ దాని సంగతి నాకు తెలీదు" అంటారు. వాళ్లననుకుని లాభం లేదు, డబ్బా మీద లైనక్స్ అన్న మాటే ఉండదు చాలావాటికి. రాసి లేకపోయినా నడిచేవి బోలెడున్నాయి, వాటిని గుర్తుపట్టడం తెలిస్తే చాలు.

కొనే ముందు, అసలు కార్డు అవసరమా అన్నది తేల్చుకోండి. సౌండ్ సెట్టింగుల్లో ‘డమ్మీ అవుట్‌పుట్’ అని తప్ప ఇంకేం కనపడకపోతే లోపలి కార్డు పోయిందని చాలామంది అనుకుంటారు. ఈమధ్య ఇంటెల్ లాప్‌టాప్‌లలో చాలాసార్లు కారణం సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ (లోపలి సౌండ్ చిప్‌ని నడిపించే ఫైళ్లు) లేకపోవడమే. డెబియన్, ఉబుంటూల్లో ‘ఫర్మ్‌వేర్-సోఫ్-సైన్డ్’ (firmware-sof-signed) అనే ప్యాకేజీ వేసి రీస్టార్ట్ చేసి చూడండి, పైసా ఖర్చు లేకుండా పనైపోవచ్చు.

అయినా బయటి కార్డు కావాల్సిందే అనుకుంటే యూఎస్‌బీదే తీసుకోండి. డెస్క్‌టాప్ లోపల పెట్టే పీసీఐ కార్డుల్లోనూ లైనక్స్‌లో బాగా నడిచేవి ఉన్నాయి గానీ, అవి లాప్‌టాప్‌లో పట్టవు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే ఫైర్‌వైర్ కార్డుల జోలికి వెళ్లొద్దు, ఆ పోర్టే చాలా లాప్‌టాప్‌లకి ఉండదు.

యూఎస్‌బీ కార్డులో చూడాల్సింది ఒకటే మాట: క్లాస్ కంప్లయంట్. యూఎస్‌బీ ఆడియోకి కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం తయారైన కార్డుకి విడిగా డ్రైవర్ అక్కర్లేదు, లైనక్స్ కర్నెల్‌లో (దాని గుండెకాయ లాంటి భాగం) ఉన్న ఆల్సా అనే సౌండ్ డ్రైవరే దాన్ని పట్టుకుంటుంది. ఆ ప్రమాణం రెండో వెర్షన్‌ని విండోస్ తనంతట తాను గుర్తించడం 2017లో మొదలైంది, లైనక్స్‌లో అంతకు ఏళ్ల ముందునుంచే ఉంది. అందుకే డబ్బా మీద ‘విండోస్‌కి డ్రైవర్ డౌన్‌లోడ్ చేసుకోండి’ అని ఉన్నంత మాత్రాన భయపడనక్కర్లేదు. కంపెనీ వెబ్‌సైట్లో ఆ మోడల్ పేజీ తెరిచి, ఐప్యాడ్‌కి డ్రైవర్ లేకుండా నేరుగా పనిచేస్తుందని రాసి ఉందేమో చూడండి. ఉంటే లైనక్స్‌లోనూ దాదాపుగా నడిచినట్టే. ‘మా సాఫ్ట్‌వేర్ వేస్తేనే ఆన్ అవుతుంది’ అన్న తరహా కార్డు ఎంత మంచిదైనా వదిలేయండి.

పేర్లు చెప్పమంటే, గొంతు రికార్డింగుకి బెరింజర్ యూఎంసీ22 సరిపోతుంది, అది 48 కిలోహెర్ట్జ్ (సెకనుకి 48 వేలసార్లు శబ్దాన్ని కొలవడం) వరకే. గొంతుకి అంతకన్నా అక్కర్లేదు. రెండు మైకులు కావాలంటే అదే కంపెనీ యూఎంసీ202హెచ్‌డీ. ఇంకొంచెం పెట్టగలిగితే ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2. దాని లోపలి మిక్సర్ కంట్రోళ్లకి కూడా కర్నెల్‌లో డ్రైవర్ ఉంది, నాలుగో తరం మోడళ్లకైతే 6.8 కర్నెల్ కావాలి, అంటే ఉబుంటూ 24.04 వాడేవాళ్లకి సరిపోతుంది. మూడో తరం నుంచి కొత్తది గుచ్చగానే పెన్‌డ్రైవ్ లాంటిదొకటి కనపడితే కంగారు పడొద్దు, 48 వోల్టుల బటన్ నొక్కి పట్టుకుని యూఎస్‌బీ కేబుల్ పెట్టి, ఒకసారి తీసి మళ్లీ పెడితే అది పోతుంది.

వందల్లో దొరికే బుల్లి యూఎస్‌బీ డాంగిల్స్ కూడా లైనక్స్‌లో ఎక్కువ భాగం నడుస్తాయి, ఆన్‌లైన్ క్లాసు వినడానికి, మాట్లాడడానికి చాలు. ఒకటి మాత్రం గమనించండి. ఫోన్ కోసం కొన్న కాలర్ మైకు పిన్ను మీద మూడు నల్ల గీతలుంటాయి, కంప్యూటర్ మైకు పిన్ను మీద రెండే. గులాబీ రంగు మైకు రంధ్రం విడిగా ఉన్న డాంగిల్‌లో ఫోన్ మైకు పెడితే చాలాసార్లు శబ్దం రాదు, మనం లైనక్స్‌ని తిట్టుకుంటాం. ముందు చిన్న కన్వర్టర్ కేబుల్ వేసి చూడండి.

వీలైతే లాప్‌టాప్ వెంటబెట్టుకునే షాపుకి వెళ్లండి. కార్డు గుచ్చి, టెర్మినల్‌లో ‘ఏరికార్డ్ -ఎల్’ (arecord -l) కొడితే రికార్డు చేయగలిగిన కార్డుల పట్టీ వస్తుంది, ‘ఏప్లే -ఎల్’ (aplay -l) కొడితే పాట వినిపించగలిగినవి. రెండింట్లోనూ కొత్త కార్డు పేరుంటే సగం టెన్షన్ పోయినట్టే. పేరుంది కదా అని వెంటనే డబ్బులివ్వకండి, అక్కడే అర నిమిషం మాట్లాడి రికార్డు చేసి, అదే కార్డుకి హెడ్‌ఫోన్ పెట్టి వినండి. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ ఎన్నిరోజులో చూసుకుని, వచ్చిన రోజే ఇదంతా చేయండి.

డైరెక్ట్ మానిటర్ బటన్ ఉన్నదే కొనమని గట్టిగా చెప్తాను. పాడేవాళ్లకి తమ గొంతు ఆలస్యంగా చెవిలో పడితే తాళం తప్పుతుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి పోగేసుకునే శబ్దం కొలతల లెక్క) 1,024 ఉంటే ఆ బఫర్ ఒక్కటే 21 మిల్లీసెకన్లు తింటుంది, 256కి తగ్గిస్తే 5 చిల్లర. మరీ తగ్గిస్తే పాత లాప్‌టాప్‌లో టపటపమని శబ్దాలొస్తాయి. ఆ బటన్ ఉంటే గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి రాకుండా కార్డు నుంచే చెవికొస్తుంది, బఫర్ ఎంతున్నా ఫరవాలేదు.

రికార్డింగులో సన్నగా గుంయ్ మని మోత వస్తుంటే కార్డు తిరిగిచ్చేయకుండా ముందు చార్జర్ పీకి, బ్యాటరీ మీద రికార్డు చేయండి. మోత ఆగిపోతే తేడా కరెంటు వైపుంది, ప్లగ్గు దగ్గర ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. మన పల్లెల్లో పాత ఇళ్లలో ఇది మామూలే. కార్డు పట్టీలో కనపడుతున్నా అసలు శబ్దమే లేకపోతే టెర్మినల్‌లో ‘ఆల్సామిక్సర్’ (alsamixer) తెరిచి, ఎఫ్6 నొక్కి మీ కార్డు ఎంచుకోండి. గడి కింద ఎంఎం అని ఉంటే మ్యూట్‌లో ఉన్నట్టు, ఎం నొక్కితే తెరుచుకుంటుంది.