విడ్జెట్‌లో కొట్టిన రేటు మన ఫంక్షన్‌కి దొరకాలంటే

ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల వ్యాపారికి వర్డ్‌ప్రెస్‌లో సైటు చేసిచ్చాను. పొద్దున్నే సైడ్‌బార్‌లోని (పేజీ పక్క పట్టీ) ‘రేట్ బాక్స్’ విడ్జెట్, అంటే ధరల చిన్న పెట్టె, తెరిచి 30, 50, 100 కౌంట్ ధరలు మార్చి సేవ్ నొక్కడం ఆయన పని. కౌంటంటే కిలోకి తూగే రొయ్యలెన్నో ఆ లెక్క. మా నెల్లూరోళ్లకి చెప్పక్కర్లేదు. కొన్నాళ్లకి, “అబ్బయ్యా, ఆ ధరే లోపలి పేజీలో గూడా రావాల. రెండు చోట్ల కొట్టడం నా వల్ల కాదు” అన్నాడు. న్యాయమే.

షార్ట్‌కోడ్‌కి (పేజీలో రాస్తే ఆ చోట ఫంక్షన్ ఇచ్చేది చూపించే గుర్తు) ఒక ఫంక్షన్ రాసి, విడ్జెట్ క్లాసులో సెట్టింగులుండే ‘ఇన్‌స్టెన్స్’ వేరియబుల్‌ని గ్లోబల్ అంటూ పిలిచాను. ఖాళీ వచ్చింది. రాదు మరి. వర్డ్‌ప్రెస్ దాన్ని విడ్జెట్ మెథడ్ చేతికే ఇస్తుంది, ఆ మెథడ్ ముగిస్తే అదీ పోతుంది. సరుకు ఉండేది డేటాబేసులో, ఆప్షన్స్ టేబుల్లో.

అక్కడ దాని పేరు ‘విడ్జెట్_’ తర్వాత మీ ఐడీ బేస్. విడ్జెట్ క్లాసు కన్‌స్ట్రక్టర్‌లో పేరెంట్‌కి మీరిచ్చే మొదటి మాటే ఐడీ బేస్. నాది ‘రేట్_బాక్స్’ కాబట్టి ‘విడ్జెట్_రేట్_బాక్స్’ అయింది. కోడ్‌లో ఇవన్నీ ఇంగ్లిషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. ఆ పేరు గెట్_ఆప్షన్‌కి ఇస్తే మొత్తం అరే (కీలు, వాటి విలువల జాబితా) చేతికొస్తుంది.

తొందరపడి వెంటనే వాడెయ్యకండి, ముందు ప్రింట్_ఆర్‌తో అచ్చేసి చూడండి. ధరలు పైనే ఉండవు. 2 అనే కీ కింద ఇంకో అరే, దాంట్లో ధరలు. పక్కనే ‘_మల్టీవిడ్జెట్’ అని ఒక కీ, దాని విలువ 1. అది విడ్జెట్ కాదు, వదిలెయ్యండి. ఒకే విడ్జెట్‌ని నాలుగు చోట్ల పెట్టుకోవచ్చు కదా, అందుకే ఒక్కోదానికీ ఒక నంబరు. మొదటిదానికి మామూలుగా 2 వస్తుంది.

నేను తప్పు చేసింది ఇక్కడే. మొదట కనబడిన నంబరు తీసుకుని చూపించేశాను. ఆయన ఎప్పుడో విడ్జెట్‌ని ఇనాక్టివ్ పెట్టెలోకి లాగి, కొత్తది పెట్టుకున్నాడట. పాతది 2, కొత్తది 3. ఇనాక్టివ్‌లో పడేసినా పాత ధరలు ఆప్షన్‌లో అట్నే ఉంటాయి! సైడ్‌బార్‌లో ఒక రేటు, పేజీలో కిలోకి 30 రూపాయలు ఎక్కువ రేటు. ఒక రైతు ఫోన్ పట్టుకుని నేరుగా షెడ్డు కాడికే వచ్చేశాడు. ఆ పూట నా టెన్షన్ చెప్పనలవి కాదు.

కాబట్టి నంబరు ఊహించొద్దు, సైడ్‌బార్‌నే అడగండి. డబ్ల్యూపీ_గెట్_సైడ్‌బార్స్_విడ్జెట్స్ అనే ఫంక్షన్ ఏ సైడ్‌బార్‌లో ఏవున్నాయో చెబుతుంది. మీ సైడ్‌బార్ జాబితాలో ‘రేట్_బాక్స్-3’ లాంటిది వెతికి, చివరి హైఫన్ తర్వాతి అంకె తీసుకుని, ఆ కీతో ధరలు అందుకోండి. దొరక్కపోతే ‘ఫోన్ చేసి కనుక్కోండి’ అని చూపించడం మేలు. తప్పు ధర కంటే నయం. 2021లో వర్డ్‌ప్రెస్ 5.8 వచ్చాక విడ్జెట్ల స్క్రీన్ బ్లాకుల్లోకి మారింది గానీ, సైడ్‌బార్‌లో నేరుగా పెట్టిన పాత క్లాసు విడ్జెట్ల సెట్టింగులు ఇప్పటికీ ఇదే చోట ఉంటాయి.

తర్వాత మీరు 40 కౌంట్ గడి కొత్తగా చేర్చారనుకోండి, పాత సేవ్‌లో ఆ కీ ఉండదు, వార్నింగ్ వస్తుంది. డబ్ల్యూపీ_పార్స్_ఆర్గ్స్‌తో డిఫాల్టులు కలపండి. అచ్చేసేటప్పుడు ఈఎస్‌సీ_హెచ్‌టీఎంఎల్ (హెచ్‌టీఎంఎల్ గుర్తుల్ని మామూలు అక్షరాలుగా చూపించేది) మర్చిపోవద్దు.

ఇదంతా సరిచేశాక కూడా ఆయన ఫోన్‌లో నిన్నటి రేటే కనబడింది. ఈసారి తప్పు నా కోడ్‌ది కాదు, పేజీ కాషెది (ముందే దాచిపెట్టిన పేజీ నకలు). ఆప్షన్ మారగానే ‘అప్‌డేట్_ఆప్షన్_విడ్జెట్_రేట్_బాక్స్’ అనే యాక్షన్ (మన ఫంక్షన్ తగిలించుకునే కొక్కెం) నడుస్తుంది. కాషె ఖాళీ చేసే ఫంక్షన్‌ని దానికి తగిలించాను.