తెలియని మాత్ వాలితే ముందుగా దాని వెనక రెక్కలు చూడండి

బెంగళూరులో తురహళ్లి అడవి పక్కనో, బన్నేరుఘట్ట వైపో ఉండే మనవాళ్లకి ఈ చిట్కా. వానలు మొదలయ్యాక బాల్కనీలో తెల్ల దుప్పటి కట్టి, ముందు యూవీ (అతినీలలోహిత కాంతి) బల్బు పెట్టండి, మాత్‌లు, అంటే సీతాకోకలాంటి రాత్రి పురుగులు, వచ్చి వాలతాయి. పౌర్ణమికి పెద్దగా రావు, అమావాస్య అటూ ఇటూ చూసుకోండి. రాత్రిపూట అడవిలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, ఆ తంటా మనకెందుకు?

తెలియని మాత్ వాలితే పైనుంచి ఒక్క ఫొటో తీసి వదిలేయకండి. ఉదాహరణకి యూడోసిమా అనే ప్రజాతి మాత్‌లనే తీసుకోండి. ముడుచుకుని కూర్చుంటే అచ్చం ఎండుటాకే. కింద దాగిన వెనక రెక్క పసుపు-నారింజ రంగు. దాని మధ్యలో గుండ్రటి నల్లచుక్క ఉంటే మెటర్నా అనే జాతి, వంకర మచ్చ ఉంటే ఫలోనియా అనే జాతి కావచ్చు. పుల్లతో మెల్లగా కదిపితే రెక్క కాస్త విప్పుతుంది, అప్పుడు టక్కున క్లిక్ మనిపించాలి. వేళ్లతో పట్టుకుంటే పొలుసులు రాలిపోయి గుర్తులే చెరిగిపోతాయి.

పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫొటో, మీసాలు దువ్వెనలా ఉన్నాయా దారంలా ఉన్నాయా తెలిసేలా మరొకటి. తేదీ, టైము, చోటు, ఏ బల్బో రాసి, జీవుల ఫొటోలు పెట్టి పేర్లు తెలుసుకునే ఐనేచురలిస్ట్ యాప్‌లో పెట్టండి. యాప్ చూపించే మొదటి పేరుకి సరే అనేయకండి, ఎక్కువ ఫొటోలున్న జాతుల వైపే అది మొగ్గుతుంది. అనుమానముంటే కుటుంబం పేరు దగ్గరే ఆగండి. కొన్ని జాతుల్ని ఫొటోతో అసలు తేల్చలేం, వాటి జననాంగాలు మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే.