అమెరికాలో నర్సింగ్ ప్రీరెక్స్: సైన్స్ కోర్సులు ఏ కాలేజీలో చదవాలో ఎలా తేల్చుకోవాలి?

నర్సింగ్ స్కూల్లో చేరేముందే పూర్తి చేయాల్సిన కోర్సులనే ప్రీరెక్విజిట్లు, పొట్టిగా ప్రీరెక్స్ అంటారు. అమెరికాలో నర్సింగ్‌లో చేరాలనుకునే మనవాళ్లు చాలామంది ముందు ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో (తక్కువ ఫీజుతో రెండేళ్ల కోర్సులు చెప్పే కాలేజీ) అనాటమీ కోర్సుకు డబ్బు కట్టేస్తారు. నర్సింగ్ స్కూలు సంగతి తర్వాత చూద్దాం అనుకుంటారు. నిజానికి ఈ వరుస తిరగబడాలి. ముందు స్కూలు, తర్వాత కోర్సు. మీ క్రెడిట్లు (పూర్తి చేసిన కోర్సుకు వచ్చే పాయింట్లు) చెల్లుతాయో లేదో చెప్పేది మీకు పాఠం చెప్పిన కాలేజీ కాదు, మీరు అప్లై చేసే నర్సింగ్ స్కూలు.

(ఇండియాలో జీఎన్‌ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చేసినవాళ్లకు ఇది కాదు. వాళ్ల దారి చదివిన చదువును మదింపు చేయించుకుని ఎన్‌క్లెక్స్ అనే నర్సు లైసెన్సు పరీక్షకు వెళ్లడం.)

1. మూడు నాలుగు స్కూళ్లు ఎంచుకుని లిస్టు రాసుకోండి

ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) కావడానికి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల ఏడీఎన్ (అసోసియేట్ డిగ్రీ) ఉంది, నాలుగేళ్ల బీఎస్ఎన్ (బ్యాచిలర్స్ డిగ్రీ) ఉంది. వేరే డిగ్రీ ఉన్నవాళ్లకు ఏడాది, ఏడాదిన్నరలో అయ్యే ఏబీఎస్ఎన్ (త్వరగా పూర్తయ్యే బీఎస్ఎన్) ఉంది. ఏ డిగ్రీ ఉన్నా నేరుగా మాస్టర్స్‌లో చేర్చుకునే ప్రోగ్రాములూ కొన్ని ఉన్నాయి. ఇంటి నుంచి వెళ్లి రాగలిగిన వాటిలో మూడు నాలుగు పట్టుకోండి. ఒక్కదాన్నే నమ్ముకోకండి, సీట్ల పోటీ గట్టిగా ఉంటుంది.

ప్రతి స్కూలు వెబ్‌సైట్‌లోనూ ప్రీరెక్విజిట్ల పేజీ ఉంటుంది. సైన్స్‌లో దాదాపు అన్నిచోట్లా అడిగేవి అనాటమీ అండ్ ఫిజియాలజీ 1, 2 (అందరూ ఏ అండ్ పీ అంటారు), ల్యాబ్‌తో మైక్రోబయాలజీ, చాలాచోట్ల కెమిస్ట్రీ. స్టాటిస్టిక్స్, సైకాలజీ, న్యూట్రిషన్ కూడా అడుగుతారు గానీ వాటితో పెద్ద చిక్కులు రావు. కాగితం మీద ఒక్కో స్కూలుకు ఒక్కో గడి గీసి ఇవి రాయండి: ఎన్ని క్రెడిట్లు, ల్యాబ్ తప్పనిసరా, ఆన్‌లైన్ ల్యాబ్ ఒప్పుకుంటారా, కనీస గ్రేడు ఎంత, కోర్సు ఎన్నేళ్ల లోపు చదివి ఉండాలి, ఒకసారి తప్పితే మళ్లీ రాయనిస్తారా. నాలుగు స్కూళ్లలో అన్నిటికంటే కఠినమైన షరతు ఏదో దాన్నే మీ షరతుగా పెట్టుకోండి. అది దాటితే మిగతా మూడూ దాటినట్టే.

2. ఇండియా మార్కుల జాబితాను ఎంతవరకు నమ్మాలి?

బీఎస్సీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివాం కదా, కొన్నయినా తగ్గుతాయేమో అని ఆశ పడతారు. డబ్ల్యూఈఎస్ లేదా ఈసీఈ వంటి సంస్థల దగ్గర కోర్సుల వారీ మదింపు చేయించాలి. డిగ్రీ ఉందని చూపించడానికి అది ఎలాగూ అవసరం. ఏబీఎస్ఎన్‌కు బ్యాచిలర్స్ డిగ్రీ ఉండాలి కాబట్టి అక్కడ బీటెక్ చక్కగా పనికొస్తుంది. మూడేళ్ల డిగ్రీ వాళ్లు మాత్రం మదింపులో అది అమెరికా బ్యాచిలర్స్‌కు సమానమని వచ్చిందో లేదో చూసుకుని ముందుకెళ్లాలి.

సైన్స్ కోర్సుల విషయంలో నా సలహా: ఆశ వదిలేయండి. చాలా స్కూళ్లు సైన్స్ కోర్సులకు ఐదు, ఏడు, పదేళ్ల గడువు పెడతాయి. విదేశీ సైన్స్ క్రెడిట్లను అసలు తీసుకోనివీ ఉన్నాయి. ఒకవేళ తీసుకున్నా, పదిహేనేళ్ల కిందటి చదువుతో టీస్ లేదా హెసీ ప్రవేశ పరీక్షలో సైన్స్ భాగం దాటడం కష్టం. కొత్తగా చదివితే ఆ పరీక్షకు సగం తయారీ అక్కడే అయిపోతుంది.

3. కాలేజీలను బేరీజు వేయండి

కమ్యూనిటీ కాలేజీ చాలామందికి సరైన చోటు. డాలస్ ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉంటే కాలిన్ కాలేజ్, ఎడిసన్‌లో మిడిల్‌సెక్స్ కాలేజ్, సియాటిల్ పక్కన బెల్‌వ్యూ కాలేజ్... మనవాళ్లు ఎక్కువగా ఉండే ప్రతి ఊరికీ ఒకటి దగ్గర్లోనే ఉంది. కాలిఫోర్నియాలో రాష్ట్ర నివాసులకు కమ్యూనిటీ కాలేజీ ఫీజు యూనిట్‌కు (అక్కడ క్రెడిట్‌ను అలా అంటారు) 46 డాలర్లు. అంటే నాలుగు యూనిట్ల అనాటమీ 184 డాలర్లు, పైన చిన్న చిన్న ఫీజులు. నివాసిగా లెక్కలోకి రాకపోతే అదే కోర్సు ఎన్నో రెట్లు అవుతుంది.

వీసాను బట్టి ఇక్కడే తేడాలొస్తాయి. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్ అయినా పార్ట్‌టైమ్ అయినా చదవచ్చు. ఎఫ్2 (స్టూడెంట్ వీసా వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న భార్య లేదా భర్త పార్ట్‌టైమ్ మాత్రమే చదవాలి. హెచ్4 వాళ్లకు ఇన్-స్టేట్ ఫీజు ఇవ్వడంలో రాష్ట్రానికో నిబంధన ఉంది. అందుకే రిజిస్టర్ కాకముందే కాలేజీ రెసిడెన్సీ ఆఫీసులో అడిగి తేల్చుకోండి. ఫెడరల్ ఆర్థిక సాయం హెచ్4కు రాదు, గ్రీన్‌కార్డు ఉంటే అప్లై చేయవచ్చు. ఇంకో మాట కూడా ఇప్పుడే అనుకోవడం మంచిది. చదవడానికి అడ్డు లేదు గానీ, ఉద్యోగం చేయడానికి హెచ్4 ఈఏడీ అనే పని అనుమతి కార్డో గ్రీన్‌కార్డో కావాలి. మామూలు స్టాఫ్ నర్సు ఉద్యోగానికి హెచ్1బీ దొరకడం చాలా కష్టం. ఈ లెక్క ఇంట్లో తేలాకే మిగతావి.

యూనివర్సిటీలో ఇవే కోర్సులు చదివితే ఫీజు ఎక్కువ. మైక్రోబయాలజీ యూనివర్సిటీలోనే చదవాలని ఏదైనా స్కూలు చెబితే తప్ప అంత పెట్టనక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో రెండు రకాలున్నాయి. యూనివర్సిటీ ఆఫ్ న్యూ ఇంగ్లండ్ లాంటివి అక్రెడిటేషన్ (అధికారిక గుర్తింపు) ఉన్న కాలేజీ పేరుతోనే ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల జాబితా) ఇస్తాయి. స్ట్రెయిటర్‌లైన్ లాంటివి కాలేజీలు కావు. వాటి క్రెడిట్లకు ఏసీఈ (అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్) సిఫార్సు మాత్రమే ఉంటుంది, ఒప్పుకోవాలా వద్దా అన్నది స్కూలు ఇష్టం. 2020లో కోవిడ్ వచ్చాక ఆన్‌లైన్ ల్యాబ్‌లు చాలాచోట్ల చెల్లాయి. తర్వాత కొన్ని స్కూళ్లు మళ్లీ క్యాంపస్ ల్యాబ్ కావాలన్నాయి. పాఠం ఆన్‌లైన్‌లో, ల్యాబ్ సాయంత్రం క్యాంపస్‌లో ఉండే హైబ్రిడ్ క్లాసు దొరికితే పిల్లలున్న ఇంట్లో అంతకంటే మంచిది లేదు.

ఏ కాలేజీ అయినా రీజనల్ అక్రెడిటేషన్ చూడండి. న్యూజెర్సీలో మిడిల్ స్టేట్స్ కమిషన్, ఇల్లినాయిలో హయ్యర్ లెర్నింగ్ కమిషన్ అలా ఉంటాయి. అది లేకపోతే ఎంత చవకైనా వదిలేయండి.

4. కోర్సు పేరు కాదు, నంబరు చూడండి

పేరులో అనాటమీ ఉన్నంత మాత్రాన సరిపోదు. మెడికల్ అసిస్టెంట్లకు చెప్పే ఒక్క సెమిస్టర్ ఏ అండ్ పీ కోర్సును చాలా ఆర్‌ఎన్ ప్రోగ్రాములు లెక్కలోకి తీసుకోవు.

టెక్సస్‌లో ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలన్నిటికీ ఉమ్మడి నంబర్లున్నాయి. ఏ అండ్ పీకి బయాలజీ 2401, 2402, నర్సింగ్ వాళ్లు ఎక్కువగా తీసుకునే మైక్రోబయాలజీ 2420. ఇందులో రెండో అంకె క్రెడిట్లను చెబుతుంది. కాలిఫోర్నియాలో అసిస్ట్ అనే వెబ్‌సైట్‌లో కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏ ప్రభుత్వ యూనివర్సిటీలో దేనికి సమానమో కనిపిస్తుంది. న్యూజెర్సీకి ఎన్‌జే ట్రాన్స్‌ఫర్ ఉంది.

వాషింగ్టన్ రాష్ట్రంలో కమ్యూనిటీ కాలేజీలు సెమిస్టర్ల మీద కాక, వాటికంటే చిన్నవైన క్వార్టర్ల మీద నడుస్తాయి. అక్కడి ఐదు క్రెడిట్లు సెమిస్టర్ లెక్కలో మూడుంపావు కంటే కాస్త ఎక్కువ. నాలుగు కావాలన్న వేరే రాష్ట్రం స్కూలుకు అది తక్కువ పడవచ్చు.

5. ప్రాజెక్టు మారితే ఏమవుతుంది?

మన ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించాల్సింది ఇదే. భర్తకో భార్యకో ప్రాజెక్టు మారగానే ఇల్లు సర్దుకుని ఇంకో రాష్ట్రం వెళ్లిపోతాం. కాలిఫోర్నియాలో చాలా కాలేజీల్లో అనాటమీ ఒక సెమిస్టర్, ఫిజియాలజీ ఇంకో సెమిస్టర్, రెండూ వేరువేరు కోర్సులు. టెక్సస్, న్యూజెర్సీల్లో రెండూ కలిపి 1, 2 భాగాలు. శాన్‌హోసేలో అనాటమీ ఒక్కటే పూర్తి చేసి డాలస్ వెళితే, అక్కడ అది 1కీ సరిపోదు, 2కీ సరిపోదు. మొత్తం మళ్లీ మొదటి నుంచి చదవాల్సి రావచ్చు. రెండు భాగాలూ ఒకే కాలేజీలో ఉండాలని కోరే స్కూళ్లు అందుకే ఉన్నాయి.

కాబట్టి మారే సూచన ఉంటే జతగా ఉండే కోర్సులు మొదలుపెట్టకండి. ముందు స్టాటిస్టిక్స్, కెమిస్ట్రీ, సైకాలజీ లాంటి ఒంటి కోర్సులు పూర్తి చేసుకోండి. లేదా జతలో రెండూ అయ్యేదాకా, అంటే తొమ్మిది పది నెలలు, ఊరు కదలమని ఇంట్లో ఒప్పందానికి రండి. రెండు భాగాలూ ఒకే ఆన్‌లైన్ యూనివర్సిటీలో చదవడం కూడా ఒక దారే. ఖర్చు ఎక్కువైనా ఇలాంటి వాళ్లకు అది దండగ కాదు.

6. డబ్బు కట్టేముందు ఈమెయిల్

నర్సింగ్ స్కూలు అడ్మిషన్స్‌కు రాయండి. కాలేజీ పేరు, కోర్సు నంబరు, క్రెడిట్లు, ఏ టర్మ్‌లో చదువుతారు, ల్యాబ్ క్యాంపస్‌లోనా ఆన్‌లైన్‌లోనా, ఇవన్నీ స్పష్టంగా రాసి చెల్లుతుందా అని అడగండి. ఫోన్లో "ఫర్వాలేదు" అన్న మాట ఆర్నెల్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు. జవాబు వచ్చిన మెయిల్‌ను దాచుకోండి.

7. టర్మ్, క్లాసు ఎంచుకోవడం

చాలా కాలేజీల్లో ఏ అండ్ పీకి ముందు జనరల్ బయాలజీయో కెమిస్ట్రీయో పూర్తి చేయాలంటారు. ఈ గొలుసును లెక్కలో పెట్టుకోకపోతే ఒక సెమిస్టర్ ఊరికే పోతుంది. కొత్త విద్యార్థులకు రిజిస్ట్రేషన్ తేదీ చివర్లో వస్తుంది, అప్పటికి అనాటమీ సీట్లు నిండిపోయి ఉంటాయి. వెయిట్‌లిస్టులో పేరు పెట్టి మొదటి రోజు క్లాసుకు వెళ్లండి, తరచూ సీట్లు ఖాళీ అవుతుంటాయి.

పదహారు వారాల సిలబస్‌ను ఎనిమిది వారాల్లో చెప్పే సమ్మర్ ఏ అండ్ పీ జోలికి వెళ్లకండి. పిల్లలకు సెలవులు కూడా అప్పుడే. చాలా స్కూళ్లు సైన్స్ గ్రేడ్లనే విడిగా లెక్క కడతాయి. మళ్లీ రాయడానికి ఒక్క అవకాశమే ఇచ్చేవీ ఉన్నాయి. హడావిడిగా తెచ్చుకున్న 'సీ' గ్రేడు కన్నా ఒక సెమిస్టర్ ఆలస్యంగా వచ్చిన 'ఏ' గ్రేడు మేలు. క్లాసు మొదలయ్యాక నెగ్గలేమనిపిస్తే డ్రాప్ గడువు లోపలే బయటపడండి. గడువు దాటితే ట్రాన్స్‌క్రిప్ట్ మీద డబ్ల్యూ (మధ్యలో మానేసినట్టు గుర్తు) పడుతుంది, కొన్ని స్కూళ్లు దాన్నీ లెక్కపెడతాయి.

పన్ను కట్టేటప్పుడు లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ చూసుకోండి. కట్టిన ట్యూషన్‌లో 20 శాతం, ఏడాదికి 2,000 డాలర్ల దాకా తగ్గుతుంది. ఆదాయ పరిమితి ఉంది కాబట్టి ఇద్దరూ మంచి జీతాల మీద ఉన్న ఇంటికి ఇది రాకపోవచ్చు.

ప్రతి కోర్సు సిలబస్‌ను పీడీఎఫ్‌గా దింపుకుని పెట్టుకోండి. వేరే రాష్ట్రం స్కూలు కోర్సు సమానమా కాదా అని తేల్చేటప్పుడు అడిగేది దాన్నే. చదువు అయిపోయాక కాలేజీ పోర్టల్‌లో అది దొరక్కపోవచ్చు.