మెయిల్ చిరునామాను చివరి నుంచి చదవండి

రాజమండ్రి ఆర్‌ఎంఎస్‌లో, అంటే రైల్వే తపాలా విభాగంలో, ఇరవై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు సార్టింగ్ చేశాను. కవరు చేతికి రాగానే మేం మనిషి పేరు చూడం. ముందు పిన్‌కోడ్. మొదటి అంకె 5 అయితే మన రెండు రాష్ట్రాలు, కర్ణాటక. ఆ తర్వాతే ఊరు, వీధి. ఈమెయిల్ చిరునామానీ అలాగే చదవాలని మా తోడల్లుడికి ముందే చెప్పలేదే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

జూలైలో ఆయనకు ‘మీ రీఫండ్ సిద్ధంగా ఉంది’ అని మెయిల్ వచ్చింది. లింక్ నొక్కి, అడిగినవన్నీ ఇచ్చేశారు: మెయిల్ పాస్‌వర్డ్, కార్డు నంబరు, ఓటీపీ. పద్దెనిమిది వేలు పోయాయి. “అన్నయ్యగారూ, ఆదాయపు పన్ను శాఖ అని పేరుంది కదండీ” అన్నారు.

కవరు మీద పంపినవారి పేరు ఏం రాసినా పోస్టాఫీసు సరిచూడదు. మెయిల్ పంపే ఎస్‌ఎంటీపీ పద్ధతి 1982 నాటిది. పంపింది నిజంగా ఆ మనిషేనా అని తేల్చే ఏర్పాటు అందులో లేదు.

అందుకే పేరు మీద నొక్కి అసలు చిరునామా తెరవండి. 1971లో రే టామ్లిన్సన్ @ గుర్తు వాడింది, ఫలానా మనిషి ఫలానా కంప్యూటర్‌లో ఉన్నాడని చెప్పడానికే. ఆ గుర్తు తర్వాతి భాగాన్ని చివరి నుంచి చదవండి. ఆదాయపు పన్ను పోర్టల్ ఇన్‌కమ్‌టాక్స్ డాట్ జీవోవీ డాట్ ఇన్. ‘జీవోవీ డాట్ ఇన్’ అనేది చివరనే ఉండాలి. మధ్యలో ఉండి, దాని తర్వాత ఇంకో పేరుంటే అది ప్రభుత్వానిది కాదు.

తపాలా ముద్ర లాంటిదీ ఒకటుంది. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ చూడండి. పంపినవారిని సరిచూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు తనిఖీల దగ్గర ‘పాస్’ ఉంటే మెయిల్ ఆ చిరునామా నుంచే వచ్చినట్టు. ఆ చిరునామాయే దొంగది కావచ్చు, కాబట్టి ముందు చివరి నుంచి చదవడం మానొద్దు.

లింక్ నొక్కకుండా సైట్ పేరు మీరే టైప్ చేయండి. పాస్‌వర్డ్‌తో పాటు రెండో రుజువు కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ ఈరోజే పెట్టుకోండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మా తోడల్లుడు టెన్షన్‌లో మర్నాటి దాకా ఎవరికీ చెప్పలేదు.

పాస్‌వర్డ్ మార్చాక సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు కూడా చూడాలి. ఆయన ఖాతాలో ‘బ్యాంక్’ అన్న మాటున్న ప్రతి మెయిలూ ఎవరిదో చిరునామాకు పోతోంది. ఆ ఫిల్టర్ తీసేశాకే నేను ఇంటికి బయల్దేరాను.