లారీలో ముందు కరెంటు సరిచేయండి, గ్యాడ్జెట్లు ఆ తర్వాత

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో కొత్తగా బండి దించినప్పుడు డ్రైవరు మొదట కొనేది పాటల సెట్టు, తర్వాత ఫ్యాను, తర్వాత ఫోన్ చార్జరు. కొనడంలో తప్పేం లేదు, నెలలో ఇరవై రోజులు ఆ క్యాబినే ఇల్లయిన మనిషికి అవన్నీ కావాలి. కానీ వాటికి కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది, ఎంత వస్తోంది అన్నది చూడకుండా తగిలించేస్తున్నారు. స్టీల్ ప్లాంట్ లోడు ఎక్కించుకుని హైదరాబాదు, రాయపూర్ లైన్లలో చాలాకాలం తిరిగినవాడిగా చెబుతున్నాను, ముందు కరెంటు సంగతి తేల్చుకోండి. అది సరిగ్గా ఉంటే మిగతా వస్తువులు నాలుగేళ్లు పనిచేస్తాయి, లేకపోతే ఏది కొన్నా మూడు నెలలే.

మన పెద్ద లారీల్లో ఉండేది 24 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీలు రెండింటిని ఒకదాని వెనక ఒకటి కలిపితే 24 అవుతుంది. కార్లు, చిన్న ట్రాలీ బండ్లు 12 వోల్టులవి. అందుకే 12కి మాత్రమే చేసిన కారు చార్జరు లారీలో పెడితే కాలిపోతుంది. కొనేటప్పుడు పెట్టె మీద 12–24 వోల్టులు అని ఉందో లేదో చూడండి. ఒక్క 12 మాత్రమే రాసి ఉంటే ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి.

ఇక్కడే అందరూ చేసే పెద్ద తప్పు ఒకటుంది. పాటల సెట్టు 12 వోల్టులది అనుకోండి, వైరింగ్ చేసే కుర్రాడు రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి మాత్రమే వైరు లాగి దానికి ఇచ్చేస్తాడు. ఆ రోజుకి పాట వస్తుంది, అందరూ సంతోషం. నా బండికీ అలాగే చేశారు. రెండు మూడు నెలల తర్వాత లంకెలపాలెం దగ్గర రాత్రి పడుకుని, తెల్లారుజామున నాలుగింటికి తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు 'టక్' మని ఆగిపోయింది. మళ్లీ తిప్పితే మళ్లీ 'టక్'. ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు పెడితే ఒక బ్యాటరీ 12.7 చూపించింది, రెండోది 11.4. జరిగిందేమిటంటే, పాటలన్నీ ఒక్క బ్యాటరీయే మోసింది, చార్జింగ్ మాత్రం రెండింటికీ సమానంగానే వెళ్లింది. వాడినదానికి ఎప్పటికీ కడుపు నిండదు, వాడనిదానికి అజీర్తి. నిండినదాంట్లో నీళ్లు గ్యాసై ఎగిరిపోతుంటాయి, రెండోది లోపల గడ్డకట్టి చచ్చిపోతుంది. ఆఖరికి రెండూ మార్చాల్సి వచ్చింది.

దీనికి మందు 24 నుంచి 12కి దించే కన్వర్టరు. రెండు బ్యాటరీల మొత్తం నుంచి 24 తీసుకుని బయటికి 12 ఇస్తుంది, కాబట్టి రెండూ సమానంగా ఖర్చవుతాయి. అరచేతిలో పట్టే అల్యూమినియం డబ్బా, వేడి పోవడానికి దాని ఒంటికి పళ్లలాంటి గాడులుంటాయి. సెట్టు, కెమెరా, రెండు ఫోన్లు అయితే 10 ఆంపియర్లది సరిపోతుంది. బ్యాటరీ దగ్గరే, వైరు మొదలయ్యే చోటే ఫ్యూజు పెట్టించండి, క్యాబిన్‌లో కాదు. ఎందుకంటే మధ్యలో వైరు ఎక్కడో ఛాసిస్‌కి (బండి ఇనుప చట్రానికి) రాసుకుని పైతొడుగు తెగితే, క్యాబిన్‌లో ఉన్న ఫ్యూజుకి ఆ సంగతే తెలీదు, వైరు మొత్తం కాలుతుంది. ఇక మన విశాఖలో సముద్రపు గాలి ఒకటి. పోర్టు రోడ్డులో తిరిగే బండ్ల బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పువ్వు పూస్తుంది చూడండి, అది కరెంటును ఆపేస్తుంది. నెలకోసారి వేడినీళ్లతో కడిగి, ఆరాక నట్టు బిగించి, పైన వాజిలిన్ రాస్తే చాలు.

దాంతోపాటు లైటర్ సాకెట్లో గుచ్చుకునే చిన్న వోల్ట్ మీటరు ఒకటి కొనండి. చాలా తక్కువ ధర, చేసే మేలు మాత్రం పెద్దది. ఇంజన్ నడుస్తున్నప్పుడు 27.5కీ 28.5కీ మధ్య ఉంటే, బ్యాటరీని చార్జ్ చేసే డైనమో బాగున్నట్టు. 26 దాటడం లేదంటే బెల్టో డైనమోనో చూపించుకోవాలి. ఇంజన్ ఆపి కొన్ని గంటలయ్యాక 25.4 దరిదాపుల్లో ఉంటే బ్యాటరీ నిండుగా ఉంది, 24.4కి దిగితే సగం అయిపోయింది. రాత్రి ఫ్యాను వేసుకుని పడుకునే ముందు ఒకసారి చూస్తే, తెల్లారి బండి స్టార్ట్ అవుతుందా లేదా అన్న టెన్షన్ ఉండదు, హాయిగా నిద్ర పడుతుంది.

బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటులా మార్చే ఇన్వర్టరు గురించి ఒక్క మాట. 300 వాట్ల వస్తువు నడపాలంటే 24 వోల్టుల దగ్గర 12.5 ఆంపియర్లు లాగుతుంది, నష్టం కలుపుకుంటే ఇంకా ఎక్కువ. అంత లోడు లైటర్ సాకెట్ తట్టుకోలేదు, నేరుగా బ్యాటరీ నుంచి మందపాటి వైరుతో రావాలి. ఫోన్లకు మాత్రం ఇన్వర్టరు అక్కర్లేదు.

ఇక టైర్లు. మనకు డబ్బు పోయేది, ప్రాణం మీదికొచ్చేది ఇక్కడే. వెనక జోడు టైర్లలో లోపలి దానికి గాలి పోతే బయటికి కనపడదు, పక్క టైరు నిలబెట్టేస్తుంది కాబట్టి బండి ఒరగదు కూడా. బరువంతా ఒక్క టైరు మీద పడి, రెండూ ఒకదానికొకటి రాసుకుని వేడెక్కి, చివరికి పేలడమో మంట అంటుకోవడమో జరుగుతుంది. క్లీనరు దిగి రాడ్డుతో కొట్టి చప్పుడు వినడం మన పాత పద్ధతి, మంచిదే, మానొద్దు. కానీ ఆ చప్పుడు ఆగిన చోట మాత్రమే చెబుతుంది, నడుస్తున్నప్పుడు చెప్పేది టైర్ ప్రెషర్ సెన్సరే. టైరు వాల్వు మూత తీసి దాని స్థానంలో బిగించే సెన్సర్లు, క్యాబిన్‌లో చిన్న తెర, అంతే సెట్టు. కారు సెన్సర్లు కొనకండి, లారీ టైరులో ఉండే 100 పైన పీఎస్‌ఐ గాలి ఒత్తిడిని అవి తట్టుకోవు. లారీలకని చెప్పి మీ బండికి ఎన్ని టైర్లుంటే అన్ని సెన్సర్లున్న సెట్టు తీసుకోండి. ట్రెయిలర్ అయితే సిగ్నల్ ముందుకు అందించే రిపీటరు కూడా ఉండాలి.

బిగించే పని మీరే చేసుకోవచ్చు. పొద్దున బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పిన లెక్కకి గాలి పట్టించండి. తర్వాత ఒక్కో సెన్సరు చేత్తో బిగించి, ఇచ్చిన స్పానర్‌తో లాక్ నట్టు వేసి, సబ్బు నీళ్లు రాసి చూడండి. బుడగ వస్తే మళ్లీ బిగించాలి. లోపలి టైరు వాల్వుకి చెయ్యి అందదు కాబట్టి ఎక్స్‌టెన్షన్ గొట్టం వేస్తారు, రబ్బరుది వద్దు, స్టీలు అల్లిక ఉన్నది వేయించి రిమ్ముకి క్లిప్పుతో కట్టించండి, లేకపోతే అదే ఊగి ఊగి గాలి వదిలేస్తుంది. అలారం, పెట్టిన గాలి కంటే 15 శాతం తగ్గితే మోగేలా పెట్టుకోండి. ఇంకో సంగతి, మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు నడిచాక తెర మీద గాలి 10 శాతం పైగా ఎక్కువ చూపిస్తుంది. అది వేడికి పెరిగిందే, కంగారుపడి గాలి తీసేయకండి. తీస్తే సాయంత్రం చల్లబడ్డాక తక్కువైపోతుంది.

కాగితాలన్నీ ఇప్పుడు ఫోన్‌లోనే. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, లైసెన్సు ప్రభుత్వ యాప్‌లైన డిజిలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ పెట్టుకుంటే చట్టప్రకారం చెల్లుతాయి. ఫోటో తీసి గ్యాలరీలో పెట్టుకున్నవి చెల్లవు, ఆ తేడా గుర్తుంచుకోండి. ఫాస్టాగ్ బ్యాలెన్సు నాతవలస టోల్‌గేటుకో వేంపాడు టోల్‌గేటుకో చేరాక కాదు, బండి కదిలేముందే చూడాలి. ట్యాగ్ పనిచేయక యూపీఐతో కడితే 1.25 రెట్లు కట్టాలనే నిబంధన 2025 నవంబర్ 15 నుంచి వచ్చింది. మీ ట్యాగ్‌లో డబ్బులుండి, టోల్ వాళ్ల మిషనే చదవకపోతే మాత్రం మీరు కట్టక్కర్లేదు, నిబంధనల్లో ఉంది, మర్యాదగా అడగండి. వినకపోతే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి.

సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం ఈ-వే బిల్లు, దాని గడువుకి ఫోన్‌లో అలారం పెట్టుకోవడం నేను అందరికీ చెప్పే చిట్కా. మామూలు సరుకుకి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున గడువు. విశాఖ నుంచి హైదరాబాదు 600 పైన కాబట్టి నాలుగు రోజులు వస్తుంది. దారిలో బ్రేక్‌డౌనో, అన్‌లోడింగ్ దగ్గర లైనో ఉంటే అయిపోతుంది. గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల వరకు పొడిగించుకోవచ్చు. అలారం 8 గంటల ముందుకే పెట్టుకుని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి చెప్పేయండి. సరుకు వేరే బండిలోకి మారిస్తే ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో బండి నంబరు మార్పించడం మర్చిపోకండి.

దారి చూపించే మ్యాపుని పూర్తిగా నమ్మకండి. కారుకి దగ్గరి దారి వెతికి చూపిస్తుంది, అది మన బండి పట్టే దారో కాదో దానికి తెలీదు. నగరంలోకి పెద్ద బండ్లు రాకూడని వేళలూ దానికి పట్టవు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అనకాపల్లి దాటాలంటే ఊళ్లోకి రాకుండా ఆనందపురం దగ్గరే తిరిగి పెందుర్తి, సబ్బవరం మీదుగా ఆరు లైన్ల రోడ్డు పట్టుకోండి. సాలూరు దాటి ఘాట్ ఎక్కితే సిగ్నల్ పోతూ ఉంటుంది, ఆ ప్రాంతం మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, రెండు సిమ్ములు రెండు కంపెనీలవి పెట్టుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో కరెంటూ లేదు, ఫోనూ లేదు. అప్పటి నుంచి ఇంటి నంబరు, ఓనర్ నంబరు చిన్న పుస్తకంలో రాసి పెట్టుకుంటాను. కొంత నగదు కూడా. మీరూ పెట్టుకోండి.

డ్యాష్ కెమెరా తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ప్రమాదం జరిగితే తప్పెవరిదైనా జనం ముందు పట్టుకునేది పెద్ద బండి డ్రైవర్నే. లోపల లిథియం బ్యాటరీ కాకుండా కెపాసిటర్ (కరెంటును కాసేపు దాచే చిన్న భాగం) ఉన్నది అడగండి, మే నెల ఎండకి అద్దం వెనక బ్యాటరీ ఉబ్బిపోతుంది. మెమరీ కార్డు 'ఎండ్యూరెన్స్' అని రాసి ఉన్నదే కొనండి, అది ఆగకుండా రికార్డు చేసినా తట్టుకుంటుంది. తేదీ, టైము సరిగ్గా పెట్టండి. ఏదైనా జరిగితే కార్డు తీసి భద్రపరచండి, వాట్సాప్‌లో పంపిన కాపీ మాత్రమే మిగిలితే చిక్కు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం కోర్టులో వీడియోతో పాటు అది ఎలా వచ్చిందో చెప్పే సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి, లాయరుకి ముందే చెప్పండి. రివర్స్ కెమెరా పెట్టుకున్నవాళ్లు బొగ్గు లోడు తర్వాత దాని అద్దం తడిగుడ్డతో తుడవాలి, ఆ నల్లదుమ్ము పట్టాక తెర మీద ఏమీ కనపడదు.

కొత్త పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ 2025 నుంచి తప్పనిసరి అయింది, ఎన్నాళ్లుగానో కోరుకున్నది. పాత బండి ఉన్నవాళ్లు ఇంజన్ ఆపినా నడిచే ఏసీ పెట్టాలంటే దానికి వేరే బ్యాటరీలు పెట్టించాలి, బండి బ్యాటరీల మీద వేయొద్దు. లేదంటే 24 వోల్టుల ఫ్యాను రెండు వైపులా, అద్దాలకు వెండిరంగు షేడ్, దోమతెర, ఇవి చాలు. కునుకు పడితే మోగే కెమెరాలు కూడా వస్తున్నాయి. మోగితే బండి పక్కన ఆపి పడుకోవాలి, టీ తాగి మళ్లీ ఎక్కడం కాదు.

వైరింగ్ అంతా అయ్యాక మొదటి ట్రిప్పులో ఒక పని చేయండి. అన్నీ ఆన్‌లో పెట్టి గంటసేపు నడిపి, తగరపువలస దగ్గరో ఎక్కడో టీకి ఆపినప్పుడు కన్వర్టరు దగ్గర, ఫ్యూజు దగ్గర, ప్రతి జాయింటు దగ్గర వైరుని చేత్తో పట్టుకుని చూడండి. డబ్బా గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. వైరు గానీ జాయింటు గానీ చెయ్యి కాలేలా ఉంటే అది వదులుగా ఉన్నట్టు, లేదా వైరు సన్నదైనట్టు. స్విచ్ కట్టేసి, తిరిగొచ్చాక ఆటోనగర్‌లో ఆ ముక్క మార్పించి, అప్పుడే మళ్లీ వేయండి.