స్కాలర్‌షిప్ మంజూరైంది, ఖాతాలో పడలేదు: సమస్య - పరిష్కారం

ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ అయిన ఈపాస్‌లో మంజూరైనట్లు కనిపిస్తోంది, ఖాతాలో మాత్రం రూపాయి కూడా జమ కాలేదు అంటూ విద్యార్థులు కళాశాల స్కాలర్‌షిప్ విభాగానికి వచ్చినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే ఉంటుంది: మై ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్, అంటే మీ ఆధార్ ఏ బ్యాంకుకు అనుసంధానమై ఉందో చూసుకున్నారా? చూసుకోలేదన్నదే దాదాపు ప్రతిసారీ వచ్చే సమాధానం. అప్పటికే వారు రెండుసార్లు బ్యాంకుకు, ఒకసారి మీసేవకు తిరిగి వచ్చి ఉంటారు, ఇంటి దగ్గర తల్లిదండ్రులను కంగారుపెట్టి ఉంటారు, కానీ ఫోన్‌లో రెండు నిమిషాల్లో తేలిపోయే ఈ ఒక్క పరిశీలన మాత్రం చేసి ఉండరు. దరఖాస్తు చేయడం, పోర్టల్‌లో లాగిన్ కావడం, స్టేటస్ తెరవడం మీకు వచ్చునన్న నమ్మకంతో నేరుగా విషయంలోకి వెళ్తాను.

లక్షణం: మంజూరైంది, కానీ మీ తరగతిలో ఎవరికీ రాలేదు

ఇది మీ బ్యాంకుకు సంబంధించిన సమస్య కాదు. మంజూరు అంటే దరఖాస్తు ఆమోదం పొందిందని మాత్రమే అర్థం. ఆ తర్వాత బిల్లు తయారై ట్రెజరీకి వెళ్లాలి, అక్కడ నిధులు విడుదల కావాలి, అప్పుడే సొమ్ము కదులుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బిల్లు ట్రెజరీకి చేరాక నెలల తరబడి నిలిచిపోవడం విద్యార్థులకు తెలియనిది కాదు. కాబట్టి బ్యాంకుకు బయలుదేరే ముందు మీ కేటగిరీలోనే, మీ సంవత్సరంలోనే చదువుతున్న ఇద్దరు ముగ్గురిని అడగండి. వారికీ రాకపోతే నిధుల విడుదల కోసం ఎదురుచూడటం తప్ప మీరు చేయగలిగింది లేదు. వారికి వచ్చి మీకు రాకపోతే లోపం మీ వివరాల్లోనే ఉన్నట్లు లెక్క.

లక్షణం: చెల్లింపు పూర్తయినట్లు ఉంది, కానీ మీ ఖాతాలో లేదు

మమ్మల్ని ఎక్కువగా తిప్పలు పెట్టే సమస్య ఇదే. పోర్టల్ అబద్ధం చెప్పడం లేదు, బ్యాంకు సిబ్బంది అబద్ధం చెప్పడం లేదు, మీ పాస్‌బుక్ కూడా సరైనదే. సొమ్ము నిజంగానే వెళ్లింది, అయితే మీరు అనుకుంటున్న ఖాతాకు కాదు.

దీనికి కారణం అర్థం కావాలంటే, అందరూ ఒకటే అనుకునే రెండు పనులను వేరుగా చూడవలసి ఉంటుంది. బ్యాంకులో ఆధార్ జిరాక్స్ ఇచ్చి కేవైసీ పూర్తి చేయించుకుంటే ఆ ఖాతా మీదేనని బ్యాంకుకు రుజువవుతుంది. అదొక పని. ప్రభుత్వ ప్రయోజనాలు ఏ బ్యాంకుకు పంపాలో చెప్పే జాబితాలో మీ ఆధార్‌ను నమోదు చేయించడం పూర్తిగా వేరే పని. ఆ జాబితాను నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నిర్వహిస్తుంది కాబట్టే మన దగ్గర అందరూ దీన్ని ఎన్‌పీసీఐ లింక్ అంటారు. మొదటిది పూర్తయినంత మాత్రాన రెండవది దానంతట అదే పూర్తి కాదు. 'ఆధార్ లింక్ అయ్యే ఉంది సార్' అని పాస్‌బుక్ చూపించే విద్యార్థులు చెబుతున్నది చాలా వరకు మొదటి పని గురించే.

ఆ జాబితాకు రెండు లక్షణాలు ఉన్నాయి. ఒకటి, ఒక ఆధార్ నంబరు ఎదురుగా ఒకే బ్యాంకు ఉంటుంది. చివరిగా నమోదు చేయించిన బ్యాంకు పాతదాన్ని తొలగించి ఆ స్థానంలోకి వస్తుంది. రెండు, అందులో బ్యాంకు గుర్తింపు సంఖ్య మాత్రమే ఉంటుంది, మీ ఖాతా నంబరు ఉండదు. ఉత్తరం మీద ఊరి పేరు మాత్రమే రాసి, ఏ ఇంటికి ఇవ్వాలో ఆ ఊరి పోస్ట్‌మ్యాన్‌కు వదిలేసినట్లు, సొమ్ము బ్యాంకు వరకు వెళ్లాక ఏ ఖాతాలో వేయాలో ఆ బ్యాంకు తన రికార్డును బట్టి తేల్చుకుంటుంది. ఆధార్ ఆధారంగా జరిగే చెల్లింపుల్లో, మీరు దరఖాస్తులో ఎంత జాగ్రత్తగా ఖాతా నంబరు రాసినా, సొమ్ము ఈ జాబితా ప్రకారమే వెళ్తుంది.

జాబితాకున్న మొదటి లక్షణం వల్ల వచ్చే చిక్కు ఇలా ఉంటుంది. కళాశాలలో చేరిన కొత్తలో యూపీఐ కోసమో, పార్ట్‌టైమ్ ఉద్యోగం జీతం కోసమో, సిమ్ కార్డు దుకాణంలో ఎవరో అడిగారనో ఒక జీరో బ్యాలెన్స్ ఖాతా తెరుస్తారు. ఆ ఫోన్ తెరపై కనిపించే అంగీకారాల్లో, ప్రభుత్వ రాయితీలు ఈ ఖాతాలోనే జమ చేయవచ్చన్నది ఒకటి ఉంటుంది. దాన్ని చదవకుండా టిక్ చేస్తే జాబితాలో మీ బ్యాంకు మారిపోతుంది, ఆ విషయం మీకు స్కాలర్‌షిప్ రానప్పుడే తెలుస్తుంది. ఇది కొత్తగా వచ్చిన జబ్బు కాదు. 2017లో ఒక టెలికాం సంస్థకు చెందిన పేమెంట్స్ బ్యాంకు ఖాతాల్లోకి వినియోగదారులకు తెలియకుండానే గ్యాస్ రాయితీ వెళ్లిందని ఫిర్యాదులు రావడంతో, ఆధార్ ప్రాధికార సంస్థ దాని ఈ-కేవైసీ అనుమతిని కొంతకాలం నిలిపివేసింది. ఇప్పుడు ఖాతాదారు అంగీకారం తప్పనిసరి, కానీ చదవకుండా పెట్టిన టిక్ కూడా అంగీకారం కిందే లెక్కకు వస్తుంది.

జాబితాకున్న రెండవ లక్షణం వల్ల వచ్చే చిక్కు ఇంకా మోసపూరితమైనది, ఎందుకంటే స్టేటస్ చూసినా అంతా సవ్యంగానే కనిపిస్తుంది. మా దగ్గరకు వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థిని విషయంలో మై ఆధార్‌లో ఆమె బ్యాంకు పేరే ఉంది, యాక్టివ్ అనే ఉంది, చెల్లింపు కూడా పూర్తయినట్లు ఉంది, నగరంలోని బ్రాంచిలో ఉన్న ఆమె ఖాతా మాత్రం ఖాళీగా ఉంది. ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ కోసం తండ్రి ఊళ్లో అదే బ్యాంకుకు చెందిన వేరే బ్రాంచిలో ఖాతా తెరిపించారు. ఆ పాత పాస్‌బుక్ బీరువాలోంచి తీసి ప్రింట్ వేయిస్తే, సొమ్ము పైసాతో సహా అందులోనే ఉంది. స్టేటస్ పేజీలో బ్యాంకు పేరు, యాక్టివ్ అవునో కాదో, చివరిగా మార్పు జరిగిన తేదీ మాత్రమే ఉంటాయి, ఖాతా నంబరు కనిపించదు. అందుకే ఒకే బ్యాంకులో రెండు ఖాతాలున్న ప్రతి ఒక్కరూ, ఏ ఖాతాకు ఆధార్ చెల్లింపులు వస్తాయో బ్రాంచిలో అడిగి తెలుసుకోవాలి.

పరిష్కారం: ముందుగా మై ఆధార్‌లో లాగిన్ అయి, ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్‌కు వచ్చే ఓటీపీతో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ తెరవండి. అక్కడ కనిపించే తేదీని చెల్లింపు జరిగిన తేదీతో పోల్చి చూడండి. చెల్లింపుకు కొద్ది రోజుల ముందే మార్పు జరిగి ఉంటే దోషి దాదాపు దొరికినట్లే. స్టేటస్‌లో ఉన్న బ్యాంకులో మీకున్న అన్ని ఖాతాల స్టేట్‌మెంట్లనూ తీయించండి. సొమ్ము మీ మరో ఖాతాలోనే పడి ఉంటే ఎవరికీ ఫిర్యాదు చేయనక్కర లేదు, అది మీ సొమ్మే కాబట్టి తీసుకోవచ్చు.

తర్వాతి విడత సరైన చోటికి రావాలంటే, మీకు కావలసిన బ్యాంకుకు వెళ్లి ఆధార్ సీడింగ్ దరఖాస్తు నింపాలి. అందులో కొత్తగా నమోదు చేయడం, వేరే బ్యాంకు నుంచి ఇక్కడికి మార్చడం అని వేర్వేరుగా ఉంటాయి. మీరు మార్చడాన్ని ఎంచుకుని, పాత బ్యాంకు పేరు తప్పనిసరిగా రాయాలి. ఇక్కడే చాలా దరఖాస్తులు చెడిపోతాయి: పాత బ్యాంకు పేరు ఖాళీగా వదిలేయడమో, కౌంటర్‌లో ఉన్నవారు దాన్ని మామూలు కేవైసీ పనిగా భావించి పక్కన పెట్టడమో జరుగుతుంది. అందువల్ల 'ఆధార్ లింక్ చేయండి' అని కాకుండా 'డీబీటీ (ప్రభుత్వ సొమ్ము నేరుగా ఖాతాకు బదిలీ) కోసం ఎన్‌పీసీఐలో మార్చండి' అని స్పష్టంగా చెప్పండి. కొన్ని బ్యాంకుల ఖాతాదారులు ఎన్‌పీసీఐ వెబ్‌సైట్‌లోని భారత్ ఆధార్ సీడింగ్ ఎనేబ్లర్ ద్వారా ఇంట్లోనే ఈ మార్పు చేసుకోవచ్చు. ఏ దారిలో చేసినా కొన్ని పనిదినాల తర్వాత మళ్లీ స్టేటస్ చూసి, కొత్త బ్యాంకు పేరు పక్కన యాక్టివ్ అని వచ్చాకే పని పూర్తయినట్లు భావించాలి. పాత నమోదును ముందే రద్దు చేయించుకోకండి, ఎందుకంటే ఆ మధ్యలో చెల్లింపు జరిగితే విఫలమవుతుంది. సీడింగ్ చేసిపెడతామంటూ ఫోన్‌లో ఓటీపీ అడిగేవారికి ఎట్టి పరిస్థితిలోనూ చెప్పకండి.

తల్లికి వందనం వంటి, తల్లి ఖాతాకు సొమ్ము వచ్చే పథకాల్లో చూడవలసింది తల్లి ఆధార్ స్టేటస్. విద్యార్థి ఆధార్‌ను ఎన్నిసార్లు చూసినా ఫలితం ఉండదు.

లక్షణం: చెల్లింపు విఫలమైంది

ఆధార్ మ్యాప్ కాలేదనో, ఇనాక్టివ్ అనో కారణం చూపిస్తే పైన చెప్పిన పరిష్కారమే వర్తిస్తుంది. 2024 మార్చి 15 తర్వాత రాయితీలు స్వీకరించకూడదని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించిన పేటీఎం పేమెంట్స్ బ్యాంక్‌కు ఎవరి ఆధార్ అయినా ఇంకా అనుసంధానమై ఉంటే, వారు వెంటనే వేరే బ్యాంకుకు మారాలి.

ఖాతా నంబరు ఆధారంగా జరిగే చెల్లింపుల్లో, బ్రాంచిని గుర్తించే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ పాతది కావడం ప్రధాన కారణం. బ్యాంకులు విలీనమైతే ఈ కోడ్ మారుతుంది. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో విలీనమైంది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంక్ (ఏపీజీవీబీ)కి తెలంగాణలో ఉన్న శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంక్‌లో కలిశాయి, ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు అదే ఏడాది మే 1న ఒక్కటయ్యాయి. అన్నయ్య పాస్‌బుక్ చూసి కోడ్ రాసేవారు, తమ బ్రాంచిలో ఇప్పటి కోడ్ అడిగి పోర్టల్‌లో సరిచేయించుకోవాలి.

లక్షణం: కొంత వచ్చింది, మిగతాది రాలేదు

ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. కేంద్రం వాటా ఆధార్ ద్వారా నేరుగా విద్యార్థి ఖాతాకు వస్తుంది. రెండూ ఒకేరోజు రావాలన్న నియమం లేదు, కాబట్టి కొంత మాత్రమే రావడం లోపం కాదు.

అరుదైనవి

పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతాల్లో ఏడాదికి లక్ష రూపాయల జమ పరిమితి, 50 వేల రూపాయల నిల్వ పరిమితి ఉంటాయి. పెద్ద మొత్తం తిరిగి వెళ్తే కేవైసీ పూర్తి చేయించండి. ఆధార్ ధ్రువీకరణలో వేలిముద్ర పడకపోతే, 15 ఏళ్లు నిండాక చేయించవలసిన బయోమెట్రిక్ అప్‌డేట్ జరిగిందో లేదో చూడండి. మెమోలో, ఆధార్‌లో పేర్లు తేడాగా ఉంటే దరఖాస్తు దశలోనే ఆగిపోతుంది, ఇంతదూరం రాదు.

లోపం సరిచేశాక విఫలమైన చెల్లింపు దానంతట అదే మళ్లీ వస్తుందని ఊరుకోకండి. దరఖాస్తు సంఖ్య, చెల్లింపు విఫలమైన తేదీ, పోర్టల్ చూపిన కారణం, కొత్త సీడింగ్ స్టేటస్ ప్రింట్ జతచేసి కళాశాల స్కాలర్‌షిప్ విభాగంలో రాతపూర్వకంగా ఇవ్వండి. అక్కడి నుంచి అది జిల్లా సంక్షేమాధికారి కార్యాలయానికి వెళ్తుంది. ఆ సొమ్ము అందేదాకా కొత్త బ్యాంకు ఖాతా ఏదీ తెరవకండి.